నాలుగు వాట్ల మాటతెర

మూత 31వ రోజు

పొద్దున పని మొదలుకాకముందే ఉరుకుందమ్మ మేడం పరికరాల గదికి వచ్చింది. ఊరికి కరెంటు పంచే పని ఆమెది. ఆమె తనంతట తాను మెట్లు దిగి వచ్చిందంటే మంచి కబురు ఉండదు.

"దస్తగిరీ, పైన దుమ్ము ఇంకా దిగలేదు. సోలార్ పలకల మీద రెండు వేళ్ళ మందం పేరుకుంది. తుడవను మనిషిని పంపుదామంటే బయట యాభై ఎనిమిది డిగ్రీలు."

"ఎంత కోత పెడతారు మేడం?"

"గాలిపంకాల జోలికి పోను. నీళ్ళ మోటార్ల జోలికి పోను. ఇంక మిగిలింది మాటతెరలే."

మాటతెరలు మాకు ఇరవై రెండు ఉన్నాయి. ఒక్కోటి ముప్పై వాట్లు తాగుతుంది. అరవయ్యో రోజు నుంచి ఒక్కోదానికి నాలుగే ఇస్తానంది. నాలుగులో నడిపితే సరే, లేకపోతే ఆపేయాలి.

"రాసుకుని పంపుకుంటే సరిపోదా?" అని తనే అడిగి, తనే తల వంచుకుంది. వాళ్ళమ్మకూ వినపడదు. అమ్మతో కాగితం మీద కాపురం చేయలేమని ఆమెకు తెలుసు.

ఈ పనిపుస్తకం తరవాత ఎవరి చేతికి వస్తుందో తెలియదు కాబట్టి నాలుగు ముక్కలు రాసి పెడతా. ఎండలు ముదిరి పై తలుపులకు మూతలు వేసుకున్నాక నూట నలభై రోజులు మేం కొండ కిందే. పదకొండు వందల మందిమి. అందులో మూడు వందల మందికి పైగా చెవులు లేవు. ఈ ఊరిని రాతిలో తొలిచింది వాళ్ళే. డ్రిల్లుల మోతలో ఏళ్ళ తరబడి పనిచేసి చెవులు పోగొట్టుకున్నారు. వాళ్ళది చేతిమాట. ఒక దిగుడులో ఉన్నవాళ్ళు ఇంకో దిగుడులో ఉన్నవాళ్ళతో మాట్లాడాలంటే తెర కావాలి. దిగుడు అంటే మా అంతస్తు. ఆరు ఉన్నాయి. నీళ్ళ కోసం ఏడోది తవ్వుతున్నారు. తెరలు ఆగితే అక్కడ తవ్వేవాళ్ళను పైకి పిలిపించాలి. ఆరో దిగుడు బావిలో నీళ్ళు తగ్గి మోకాళ్ళ లోతుకు వచ్చాయి.

మా నాయన నాలుగో దిగుడు తవ్వినవాడు. ఆయన ఉన్నన్నాళ్ళలో నేను నేర్చుకున్న చేతిమాటలు ముప్పై దాటవు. అన్నం, నీళ్ళు, పడుకో, కోపమా, ఇట్లాంటివి. ఆయన పోయి ఆరేళ్ళు. ఇవాళ పని ఒప్పుకుంటుంటే ఆ లెక్క గుర్తొచ్చి సిగ్గేసింది.

మూత 33వ రోజు

సామాన్ల గదిలో రెండు రోజులు వెతికా. తెరలతో బాధ లేదు. మావి వెనక దీపం లేని రకం, గదిలో వెలుతురుతోనే కనిపిస్తాయి. కరెంటంతా తాగేది వాటి వెనక ఉన్న పాత బోర్డు. తీగలో వచ్చే వీడియోను విప్పి తెర మీద పరిచే పని దానిది. దాని స్థానంలో తక్కువ కరెంటు చిప్పు ఉన్న బోర్డు పెట్టాలి. చిత్రం మాత్రం హెచ్‌డీ ఉండాల్సిందే. చిత్రం పలచబడితే వేళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి, మాట పోతుంది.

ఇరవై రెండుకు తగ్గకుండా దొరికినవి మూడు రకాలు. పచ్చవి ఇళ్ళ కాపలా కెమెరాలవి. నల్లవి ఫోన్ల కాలం చివర్లో వచ్చినవి. చిన్నవి పాత బండ్ల డాష్‌బోర్డుల్లోంచి పీకినవి.

మూడింటికీ ఒకే వీడియో వేసి మీటరు పెట్టా. పారే నీళ్ళు, ఎగిరే కొంగలు, పరిగెత్తే అక్షరాలు. ఎప్పుడో ఎవరో పరీక్షల కోసమే తీసిపెట్టిన వీడియో అది. పచ్చది మూడు వాట్ల తొంభైతో బాగానే మొదలైంది కానీ నలభై నిమిషాలకు వేడెక్కి నత్తనడక పట్టింది. మా సొరంగాల్లో ఎప్పుడూ ముప్పై ఆరు డిగ్రీలు, కాబట్టి అది పనికిరాదు. చిన్నది నాలుగు తొంభై. పైగా అప్పుడప్పుడూ ఒక చిత్రం దగ్గర అరక్షణం నిలిచిపోతుంది. నల్లది మూడు ఇరవై. సెకనుకు అరవై చిత్రాలు, ఎక్కడా తడబాటు లేదు. కొంగ రెక్క మీద ఈకలు లెక్కపెట్టుకోవచ్చు.

ఇంత సులువుగా తేలుతుందనుకోలేదు.

మూత 36వ రోజు

బోర్డు ఏదైనా వాడేవాళ్ళు చూసి ఒప్పుకోవాలి కదా అని హంపమ్మక్కకు కబురు చేశా. ఏడో దిగుడు బావి మీద క్రేను నడిపేది ఆమే. యాభై ఎనిమిదేళ్ళు. పాతికేళ్ళ వయసులో చెవులు పోయాయి. మన పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. తన చేతిమాట నాకు అందకపోతే సుద్దముక్క తీసి నేల మీద రాస్తుంది. ఆమె చేతులతో అన్నవాటిని నేను మన మాటలో రాస్తున్నా.

నల్ల బోర్డు పెట్టిన తెరకు బావి అడుగున ఉన్న కెమెరా కలిపా. అక్కడ ఆమె తమ్ముడు తిక్కస్వామి ఉంటాడు. కింద నుంచి చేయి ఊపి బొక్కెన ఎప్పుడు లాగాలో ఎప్పుడు ఆపాలో చెప్పేది అతనే. అక్కాతమ్ముళ్ళు కాసేపు మాట్లాడుకున్నారు. ఆమె చేతులు మెల్లగా ఆగాయి. తెరకు దగ్గరగా జరిగి, ముక్కు ఆనేంత దగ్గరగా చూసింది.

"ఎట్లుందక్కా?"

"మా తమ్ముడు ఇంత అందంగా ఎప్పుడూ మాట్లాడలా."

మెచ్చుకోలు అనుకున్నా. "రేపు మళ్ళీ వస్తా," అని వెళ్ళింది.

మూత 39వ రోజు

హంపమ్మక్క మూడు రోజులుగా రోజూ వస్తోంది. పని దిగాక వచ్చి తమ్ముడితో మాట్లాడుతుంది. మాటల్లేనప్పుడు కూడా కూర్చుని చూస్తుంది. నిన్న నాకోసం జొన్నరొట్టె, చింతతొక్కు తెచ్చింది. ఇవాళ ఖాళీగా ఉన్నప్పుడు చేతిమాట నేర్పింది. ముప్పై మాటలు కాస్తా యాభై అయ్యాయి. నేను 'కరెంటు' అనబోతే 'కాకరకాయ' అవుతోందట. నవ్వి, నా బొటనవేలు పట్టుకుని సరిచేసింది. ఆమె వేళ్ళు గరుకు, ఉప్పుకాగితం మాదిరి.

ఏమైనా లోపం కనిపించిందా అని అడిగా. తల అడ్డంగా ఊపింది. ఎందుకో కొంచెం ఆలస్యంగా ఊపింది.

మూత 41వ రోజు

నల్ల బోర్డు ఖాయం చేస్తూ కాగితం రాసిచ్చా. ఉరుకుందమ్మ మేడం రెండుసార్లు చదివి, "బతికించినావప్పా," అంది. మొదటి బోర్డు ఏడో దిగుడు క్రేను దగ్గర బిగించా. మిగతావి వారంలో అయిపోతాయి.

మూత 44వ రోజు

రాయడానికి చేయి రావడం లేదు. కానీ ఇవాళే రాయాలి.

మీటరు చూసుకోవడానికి క్రేను దగ్గరే ఉన్నా. హంపమ్మక్క పిడి మీద చేయి వేసి తెర వైపు చూస్తోంది. కింద బొక్కెనలో రాళ్ళు నింపారు. బావి సైగలు నాకు కూడా తెలుసు. ఐదు వేళ్ళూ చాచి చూపితే లాగు. మూడు వేళ్ళు చూపితే ఆగు. తిక్కస్వామి కుడిచేయి ఎత్తాడు. తెర మీద ఐదు వేళ్ళు. ఆమె లాగింది.

అంతలోనే ఎర్ర దీపం వెలిగింది. కింద ఇంకెవరో ప్రమాదపు తాడు లాగారన్నమాట. ఆమె వెంటనే ఆపింది. అప్పటికి బొక్కెన మూరెడు ఎత్తు లేచింది. తాడు మెలిక తిక్కస్వామి ఎడమ మోచేతికి చుట్టుకుని ఉంది. ఆ మూరెడుకే భుజం కీలు ఊడింది. దీపం ఇంకో క్షణం ఆలస్యమైతే బొక్కెనతో పాటు మనిషీ లేచేవాడు. నలభై అడుగుల బావి అది.

అతన్ని మూడో దిగుడు వైద్యశాలకు మోసుకొచ్చాం. డాక్టరమ్మ భుజం ఎక్కించింది. నరాలు బాగున్నాయంది. కిందున్న మనిషికి ఎర్ర తాడు చేతికి అందినందుకు ఎవరికి దండం పెట్టాలో తెలియలేదు. గోడకు పెట్టా.

హంపమ్మక్క క్రేను దగ్గర నుంచి రాలేదు. పిడి పట్టుకుని అట్లాగే కూర్చుందని చెప్పారు.

మూత 45వ రోజు

తెరల వీడియో ఒక రోజు దాకా దాచి ఉంటుంది. నిన్నటిది తీసి, ముందు పాత బోర్డు మీద వేసి చూశా. తిక్కస్వామి కుడిచేయి లేచింది. మూడే వేళ్ళు. ఉంగరం వేలు, చిటికెన వేలు లేవు. ఎనిమిదేళ్ళ కిందట ఆరో దిగుడు తవ్వేటప్పుడు తాడు కింద పడి తెగిపోయాయట, నిన్న మోసేదాకా నాకు తెలియదు. అందుకే అతను 'లాగు'ను ఎప్పుడూ ఎడమచేత్తో చూపుతాడు, 'ఆగు'ను కుడిచేత్తో చూపుతాడు.

అదే ముక్కను నల్ల బోర్డు మీద వేశా. ఐదు వేళ్ళు.

పదిసార్లు వేశా. ఒక్కో చిత్రం ఆపి చూశా. అప్పుడు అర్థమైంది దానికి కరెంటు ఎట్లా మిగులుతోందో. ఆ చిప్పు మూడు చిత్రాల్లో ఒక్కదాన్నే విప్పుతోంది. మధ్యవి రెండూ ఊహించి గీస్తోంది. ఎన్నడో ఎక్కడో లక్షల చేతులు చూపించి దానికి నేర్పి ఉంటారు. చేయి అంటే ఐదు వేళ్ళు అని నేర్చుకుంది. లేనిచోట రెండు వేళ్ళు అతికించింది. గోళ్ళతో సహా.

సాయంత్రం వైద్యశాలకు వెళ్ళా. హంపమ్మక్క తమ్ముడి మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. ఇద్దరికీ చెప్పేశా. నా చేతిమాట చాలక నోటితో చెప్పా, ఆమె పెదాలు చదివి తమ్ముడికి చెప్పింది. తప్పు నాదని చెప్పా. కొంగలతో పరీక్ష చేశా కానీ చేతులతో చేయలేదని చెప్పా.

ఆ చివరి మాట ఆమె తమ్ముడికి చెప్పలేదు. నా వైపు తిరిగింది.

"నాకు మొదటి రోజే తెలిసిందబ్బీ."

నాకు అర్థం కాలేదనుకుని సుద్దముక్క తీసింది. నేల మీద రాసింది. 'ఆ వేళ్ళు పోయిన రోజు క్రేను నడిపింది నేనే. ఎనిమిదేళ్ళ తరవాత వాడి చేయి నిండుగా కనబడింది. చూస్తా ఉండిపోయినా. నీకు చెప్తే తీసేస్తావని చెప్పలేదు. నిన్న కుడిచేతికి ఐదు వేళ్ళు చూసినా. లేవని తెలిసిన మనిషిని. అయినా లాగినా.'

రాసింది తమ్ముడికి కనబడకుండా చీర కొంగు అడ్డం పెట్టింది. తిక్కస్వామి కొంగు పక్కకు జరిపి చదివాడు. తరవాత నాతో, "నాకు చూపించు," అన్నాడు.

బోర్డు తెచ్చి మంచం మీదే తెరకు కలిపా. తన చేతిని తాను చూసుకున్నాడు. ఆపమన్నాడు. ఆ రెండు వేళ్ళ మీద బొటనవేలు పెట్టి నిమిరాడు.

"ఎంత మెత్తగా ఉండాయో చూడు," అన్నాడు అక్కతో. "ఒక్క రోజు పనిచేసిన వేళ్ళు కావు ఇవి."

ఆమె ఏడుస్తోంది. అతను కుడిచేత్తో, ఆ మూడు వేళ్ళతోనే, మెల్లగా మాట్లాడాడు. నాకు పూర్తిగా అందేలా మాట్లాడాడని ఇప్పుడు అనిపిస్తోంది.

"ఆ పొద్దు తాడు సరిగా కట్టంది నేను. ఎనిమిదేళ్ళ నుంచి చెప్తానే ఉండా. నువ్వు నా చేయే చూస్తావు కానీ అది చెప్పే మాట చూడవు."

నేను బయటికి వచ్చేశా.

మూత 46వ రోజు

ఉరుకుందమ్మ మేడానికి అంతా చెప్పి, నా కాగితం వెనక్కి తీసుకున్నా. తిడుతుందనుకున్నా.

"నల్లది తప్ప నాలుగు లోపల ఏదీ లేదన్నావు."

"లేదు మేడం."

"ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. వేరే పనులు నీకు చెప్పను. అన్నం ఇక్కడికే పంపుతా." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "నువ్వు దాచిపెట్టి ఉంటే, ఇంకో ఇరవై ఒకటి బిగించి ఉండేవాళ్ళం కదా."

నల్ల బోర్డులన్నీ పెట్టెలో పెట్టి, మీద పెద్ద అక్షరాలతో 'చేతులకు పనికిరావు' అని రాశా.

మూత 48వ రోజు

ఇప్పుడు పరీక్ష పెట్టేది హంపమ్మక్క. ఆమే ఏర్పాటు చేసింది. చేతిమాట వాళ్ళు పదిమంది వచ్చారు. ఒక గదిలో ఒక్కొక్కరూ ముప్పై మాటలు చెబుతారు. రెండో గదిలో మిగతావాళ్ళు తెర చూసి, ఏం చూశారో రాస్తారు. నేను రెండు జాబితాలూ పోల్చాలి. వేళ్ళు వంగనివాళ్ళు ఇద్దరు, చేయి వణికేవాళ్ళు ఒకరు, ఎడమచేతివాటం వాళ్ళు ఇద్దరు. కావాలనే అట్లాంటి వాళ్ళను ఏరుకొచ్చింది.

నల్ల బోర్డు మూడు వందల మాటల్లో పదిహేడు తప్పు చెప్పింది. చిన్న బోర్డు పదకొండు చోట్ల నిలిచిపోయింది. తప్పు మాట ఒక్కటీ లేదు.

"నిలిచిపోతే ఇబ్బంది కాదా అక్కా?"

"నత్తివాళ్ళతో మాట్లాడవా? రవ్వంత ఆగుతావు. అంతే కదా. నా చేతులతో ఇంకెవరో మాట్లాడితే ఏం చేయాల?"

కాబట్టి చిన్నదే. చిక్కల్లా నాలుగు తొంభై వాట్లు. దాన్ని నాలుగుకు దించాలి.

మూత 50వ రోజు

చిప్పు వేగం తగ్గించి చూశా. వేళ్ళు అంటుకుపోయాయి. చిత్రం చిన్నది చేసి చూశా. ముఖాలు పోయాయి. చేతిమాటలో సగం కనుబొమల్లోనే ఉంటుందని ఇప్పుడు నాకూ తెలుసు.

మధ్యాహ్నం హంపమ్మక్క వచ్చి నా వెనక నిలబడి చూసింది.

"రంగులకు ఎంత పోతుంది?"

ఆ ఆలోచన నాకు రాలేదు. రంగు విప్పే పని ఆపేశా. మీటరు నాలుగు ముప్పైకి దిగింది.

"తెలుపూ నలుపులోనే చూస్తారా అందరూ? పిల్లలను, మనవళ్ళను కూడా?"

"గౌను ఏ రంగో అడిగి తెలుసుకుంటాం. అది కూడా ఒక మాటే కదా," అంది. అన్నాక కొంచెం సేపు తెర వైపు చూస్తూ కూర్చుంది. సులువుగా అన్న మాట కాదని తెలిసింది.

నాలుగు మీద ఉన్న ఆ ముప్పై కూడా దిగాలి.

మూత 52వ రోజు

ఇవాళ జరిగింది నా తెలివి కాదు. రాసి పెట్టుకుంటున్నా.

ఆరో దిగుడు తెరకు చిన్న బోర్డు పెట్టి పొద్దుటి నుంచీ మీటరు చూస్తున్నా. నాలుగు ముప్పై, నాలుగు ముప్పై రెండు. పదకొండు గంటల ప్రాంతంలో ఉన్నట్టుండి మూడు ఎనభై ఎనిమిది. మీటరు పాడైందనుకుని తట్టా. ఇంకోటి పెట్టా. అదీ అంతే చూపింది. పరిగెత్తుకుంటూ కెమెరా ఉన్న గదికి వెళ్ళా. అంతా మామూలుగానే ఉంది. ఎవరో ఉతికిన తెల్ల దుప్పటి ఆరేశారు, కెమెరాకు ఎదురుగా, గోడకు అడ్డంగా.

దుప్పటి తీశా. మీటరు దగ్గరికి పరిగెత్తా. నాలుగు ముప్పై. మళ్ళీ వేశా. మూడు ఎనభై ఎనిమిది.

మా గోడలన్నీ చుక్కల రాయి. నలుపు, తెలుపు, గులాబీ చుక్కలు, ఆవగింజలు చల్లినట్టు. డ్రిల్లుల అదురుకు కెమెరా సన్నగా వణుకుతుంది. మన కంటికి తెలియదు కానీ, వీడియోలో మాత్రం గోడ మీది ప్రతి చుక్కా క్షణక్షణం కదులుతూనే ఉంటుంది. చిప్పు పాపం ఆ లక్ష చుక్కల వెంట పరిగెడుతోంది. చేతుల మీద పడే పని కంటే గోడ మీద పడే పని ఎక్కువ. ఇన్నాళ్ళూ మేం కరెంటు పోసి గోడను చూస్తున్నాం.

దుప్పటి ఎవరిదని అడిగా. మల్లేశమ్మ అనే ముసలామె నిలదీయడానికి వచ్చాననుకుని, "అడ్డముంటే తీసేస్తాలే నాయనా," అంది. ఆమె రెండు చేతులూ పట్టుకున్నా. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. నాకు కూడా వెంటనే చెప్పడం చేతకాలేదు.

మూత 53వ రోజు

ఉరుకుందమ్మ మేడం మీటరు తన కళ్ళతో చూసింది. సున్నం నిల్వ ఎంతుందో చూడమని మనిషిని పంపింది. నీళ్ళు శుభ్రం చేయడానికి ఉంచుకున్న సున్నం అది. ఇరవై రెండు గోడలకు సరిపోను ఇస్తానంది.

"సున్నం సరే. వేసేదెవరు? ఉన్నవాళ్ళందరూ పనుల్లో ఉన్నారు," అంది.

ఆ మాట హంపమ్మక్కకు చెప్పా. ఆమె క్రేను పక్కన ఉన్న తెర ముందు నిలబడి రెండు నిమిషాలు మాట్లాడింది. వేళ్ళు ఎగురుతుంటే నాకు అందింది మూడే మాటలు. గోడ, సున్నం, రేపు.

మూత 54వ రోజు

పొద్దున ఐదో దిగుడుకు వెళ్ళేసరికి నలభై మంది ఉన్నారు. చెవులున్నవాళ్ళూ, లేనివాళ్ళూ. కుంచెలు చాలక ఈతాకు మట్టలు నలగ్గొట్టి కుంచెలు చేసుకున్నారు. సున్నంలో గంజి కలిపి, తొట్లలో కలియబెడుతున్నారు. మాటతెర ఎదుట మాట్లాడే మనిషి వెనక గోడ, పైకప్పు నుంచి కింద నేల దాకా, ఎక్కడా చుక్క మిగలకుండా.

పూల చీరలు, గళ్ళ చొక్కాలు కూడా అంతే ఇబ్బంది అని నేను చెప్పా. మొహమాటపడుతూనే చెప్పా. కట్టుకునే బట్ట గురించి చెప్పడానికి నేనెవరిని? ఒకామె తన పూల చీర కొంగు చూసుకుని, పక్కావిడ తెల్ల దుప్పటి లాక్కుని భుజాల మీద కప్పుకుంది. "ఇట్లనా?" అంది. అందరూ నవ్వారు. సాయంత్రానికి ప్రతి తెర పక్కనా మేకుకు ఒక తెల్ల దుప్పటి వేలాడుతోంది. మాట్లాడేవాళ్ళు కప్పుకోవడానికి.

భుజానికి కట్టు కట్టుకుని తిక్కస్వామి కూడా వచ్చాడు. కుడిచేత్తో కింది వరస వేస్తానని పట్టుపట్టాడు. డాక్టరమ్మకు తెలిస్తే నన్ను తిడుతుందన్నా. "నిన్ను కదా," అన్నాడు.

మూత 57వ రోజు

పందొమ్మిది గోడలు అయ్యాయి. బోర్డులు నేను ఒక్కణ్ణే బిగించాలనుకున్నా కానీ పరీక్షకు వచ్చిన పదిమందిలో నలుగురు నేర్చుకుంటామని వచ్చారు. నాకంటే వేగంగా టంకం పెడుతున్నారు. రాయిలో దారం మందం పగులు పట్టుకునే చేతులు అవి.

పనిలో వాళ్ళు మాట్లాడుకుంటుంటే వింటున్నా. 'వింటున్నా' అని రాశానని ఇప్పుడే గమనించా. అట్లాగే ఉంచుతా.

మా నాయన ఈ చేతులతోనే ఏదో చెబుతూ ఉండేవాడు. నేను అన్నం, నీళ్ళు వరకే పట్టుకుని మిగతాది వదిలేశా. ఆయన ఏమన్నాడో తెలుసుకునే దారి ఇప్పుడు లేదు. కానీ ఆయనతో కలిసి తవ్వినవాళ్ళు ఇంకా ఉన్నారు, ఓపిగ్గా నా బొటనవేలు సరిచేస్తున్నారు. ఇంత వయసొచ్చాక ఇది దొరకడం చిన్న సంగతి కాదు.

మూత 60వ రోజు

పొద్దున తొమ్మిదికి ఉరుకుందమ్మ మేడం మీట తిప్పింది. పాత బోర్డులన్నీ ఆగిపోయాయి. కొత్తవి ఇరవై రెండు వెలిగాయి. మొత్తం ఎనభై ఐదున్నర వాట్లు. ఇస్తానన్నదానికంటే రెండున్నర తక్కువే. "దాన్ని వైద్యశాల పంకాకు ఇస్తా," అని ఆమె అక్కడికక్కడే తేల్చేసింది. పోతూ పోతూ నా భుజం మీద చేయి వేసింది. ఆమె అట్లా వేయడం నేనెప్పుడూ చూడలేదు.

బావిలో పని పది గంటలకు మొదలైంది. అడుగున ఇప్పుడు వేరే మనిషి ఉన్నాడు. తిక్కస్వామి వైద్యశాల తెర ముందు కూర్చుని, బొక్కెన ఎట్లా పట్టాలో ఆ మనిషికి పాఠం చెబుతున్నాడు. క్రేను దగ్గర నుంచి హంపమ్మక్క మధ్యలో దూరి, నువ్వు ముందు పడుకో అంటోంది. నువ్వు ముందు పని చూడు అని అతను అంటున్నాడు. తెలుపూ నలుపుల్లో మూడు వేళ్ళ చేయి స్పష్టంగా, మొరటుగా, కుదుపులతో కదులుతోంది. ఆమె ఆ చేతి వైపే చూస్తోంది, చూసి జవాబు చెబుతోంది.

నేను మీటరు పట్టుకుని దిగుడు దిగుడుకూ తిరిగా. అన్నీ నాలుగు లోపలే. రెండో దిగుడు తెర దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. ఎదురుగా తెరలో హంపమ్మక్క నిలబడి ఉంది. చేయి ఊపింది. నన్నే పిలుస్తోంది. తెల్ల దుప్పటి కప్పుకుని, వేళ్ళన్నీ దగ్గర చేసి నోటి దగ్గరికి తెచ్చింది. అక్కడ చిత్రం నిలిచిపోయింది.

నోటి దగ్గర మొదలయ్యే మాటలు నాకు తెలిసినవే నాలుగైదు ఉన్నాయి. చెప్పు అన్నది ఒకటి. మంచిది అన్నది ఒకటి. ఊహించుకోలేదు. చేతులు దించి, తెర ముందు నిలబడి ఆగాను.

చిత్రం కదిలింది. తిన్నావా అని అడుగుతోంది.

ఇంకా లేదని చెప్పా. రమ్మంది.